శాలువాలు కప్పాం, వినడం మానేశాం

దంతాలపల్లి నుంచి తొర్రూరు దాటి జనగామ దిక్కు పోతే దేవరుప్పుల మండలంలో అప్పిరెడ్డిపల్లి ఉంది. ఆ ఊరి గడ్డం సమ్మయ్యకు చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ వచ్చింది. అదే జిల్లా లింగాలఘనపురం మండలంలోని మాణిక్యపురం చుక్క సత్తయ్య ఊరు. ఒగ్గుకథకు 2014 సంవత్సరపు కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్న మనిషి ఆయన. ఈ రెండు ఊళ్లూ మనకు పరాయివి కావు. మన ఆడబిడ్డల అత్తగారిండ్లు అటే, మన చుట్టరికాలూ అటే. ఇప్పుడు మన మండలంలో ఏ టీ కొట్టు దగ్గరైనా నలుగురిని కూడగట్టి రెండు ప్రశ్నలు అడిగి చూడండి. సమ్మయ్యకు ఏ బిరుదు వచ్చింది? సమ్మయ్య కట్టిన వేషాల్లో మీరు కళ్లారా చూసింది ఏది? మొదటిదానికి జవాబు వెంటనే వస్తుంది. రెండోదానికి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

మన తప్పంతా ఆ రెండు ప్రశ్నల నడుమ ఉంది. మన పాటగాళ్లను మనం మరిచిపోయామని అనుకుంటాం. ఆ మాట నిజం కాదు. వాళ్లు మనకు బాగానే యాదికున్నారు. బిరుదు వచ్చిన రోజు ఫ్లెక్సీ కడతాం, వాట్సాప్‌లో ఫోటో పంచుకుంటాం, బస్టాండు దగ్గర దిగితే శాలువా కప్పుతాం. అదంతా నేర్చుకున్న ఈ ఇరవై ముప్పై ఏళ్లలోనే వాళ్ల ముందు కూర్చుని వినడం మానేశాం. సర్కారు పట్టించుకోలేదని రాసి చేతులు కడుక్కోవచ్చు. సర్కారుకు చెప్పాల్సిన మాటలు కూడా ఉన్నాయి. కానీ కథ వినాల్సింది సర్కారు కాదు, ఊరు. ఊరంటే మనమే. అందుకని ఈసారి వేలు మనవైపే.

ఒగ్గుకథతో మొదలుపెడదాం. బీరప్ప పండుగకు, మల్లన్న పట్నాలకు, ఎల్లమ్మ కొలుపుకు ఒగ్గు పూజారులు కథ చెప్పడం ఇక్కడి కురుమ, గొల్ల ఇండ్లలో తరాల ఆచారం. ముగ్గుతో, పసుపుతో, కుంకుమతో పట్నం వేస్తారు. కథ రాత్రి మొదలైతే కోడికూతకు గానీ ఆగదు. పెద్ద కథ అయితే ఇంకా కొన్ని రాత్రులు పడుతుంది. ప్రధాన కథకుడు ఒక్కడే. భుజం మీది కండువా నెత్తిన వేసుకుంటే తమ్ముణ్ణి సాకిన అక్క మాంకాళి. అదే కండువా నడుముకు చుడితే బీరప్ప. ఒక క్షణం వచనం, మరుక్షణం పాట. వంత పాడేవాడు నడుమ ఆపి ఓ చిలిపి ప్రశ్న వేస్తాడు. దాంతో పురాణం మన ఊరి సంగతిలోకి దిగుతుంది. డోలు, తాళాలు, నపీర కథను మోస్తాయి. కథలో ఏడుపు వస్తే డోలు మెత్తబడుతుంది. యుద్ధం వస్తే డోలుకాడు గజ్జెలతో లేస్తాడు. ఈ విద్యలోకి వచ్చే పిల్లవాడు తాళంతో మొదలుపెడతాడు. డోలు పడతాడు, వంతకు ఎక్కుతాడు. కథ చెప్పే అర్హత వచ్చేసరికి మీసాలు నెరుస్తాయి. పుస్తకం ఉండదు. వేల పంక్తుల కథ తలలోనే ఉంటుంది.

సత్తయ్య చేసిన పని చిన్నది కాదు. కొలుపులో భాగంగా, ఒక కులపు ఇంటి ముందర సాగే కథను ఆయన సభావేదిక మీదికి తెచ్చాడు. బీరప్ప ఎవరో తెలియని పట్నం జనం కూడా కదలకుండా కూర్చునేలా చెప్పాడు. ఆచారం లేనిచోట కూడా కథ తన బలంతో నిలబడుతుందని రుజువు చేశాడు. 2017 నవంబర్ 9న ఆయన పోయాడు. పత్రికలు బాగా రాశాయి. నాయకులు సంతాపం చెప్పారు.

ఆ తర్వాత మనం ఏం చేశామో చూడండి. ఒగ్గు నుంచి కథ తీసేసి డోలు ఒక్కటి ఉంచుకున్నాం. మంత్రి వస్తున్నాడంటే ఒగ్గుడోలు కావాలి. కొత్త షోరూం తెరుస్తుంటే ఒగ్గుడోలు కావాలి. రంగు పంచెలు, తలపాగలు కట్టుకున్న యువకులు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి డోలు కొడుతుంటే ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తాం. బాగా కొడతారు, అందులో అనుమానం లేదు. వాళ్లకు నాలుగు పైసలు వస్తున్నాయి, అదీ మంచిదే. కానీ కారు దిగిన మనిషి వేదిక ఎక్కేదాకానే వాళ్ల సమయం. ఆయన మైకు పట్టుకోగానే ఎవరో ఒకరు చెయ్యి ఊపి ‘ఇగ ఆపుర్రి’ అంటారు. అలా అన్నవాడు పరాయివాడేం కాదు, మనలో ఒకడే. రాత్రంతా సాగే కథ తెలిసిన మనిషిని పావుగంట మోతకు పిలిచి, ఆ మోతను కూడా నడుమ ఆపి, తర్వాత జానపద కళలు అంతరించిపోతున్నాయని అదే వేదిక మీద ప్రసంగం వింటాం.

చిందు దగ్గరికి వస్తే మన నేరానికి ఇంకో పొర కలుస్తుంది. చిందోళ్లు మాదిగలను ఆశ్రయించి బతికిన కళాకారులు. జాంబపురాణం వాళ్ల మూలకథ. దానితోపాటు భారత భాగవత కథలూ ఆడతారు. హార్మోనియం, మద్దెల, తాళాలతో పాట. భుజకీర్తులు, కిరీటాలు, ముఖానికి రంగు. తాత నుంచి మనుమడి దాకా కుటుంబమంతా మేళంలో ఉంటుంది. ఆడవాళ్లు కూడా వేషం కడతారు. ఆట జరిగేది దళితవాడలో. మిగతా ఊరు దూరంగా నిలబడి చూసేది, లేదా చూడనట్టు నటిస్తూ వినేది. ఆటకు మెచ్చుకున్నాం, ఆడినవాడికి మంచినీళ్లు వేరే గ్లాసులో ఇచ్చాం. ఈ మాట చదువుతూ ‘అదంతా వెనకటి సంగతి’ అనుకునేవాళ్లు వేరే గ్లాసు ఏ ఏడాది తీసేశారో తమ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి తెలుసుకోవాలి.

చిందు ఒక్కటే కాదు. మన జిల్లాల్లో కులానికో పాటల కొలువు ఉండేది. గొల్లలకు మందెచ్చులు, ముదిరాజులకు కాకిపడగలు, పద్మశాలీలకు కూనపులి, గౌండ్లకు గౌడజెట్టీలు, చాకలివారికి పటంవాళ్లు, మంగలివారికి అద్దపుసింగోళ్లు, మాదిగలకు చిందుతోపాటు డక్కలి, విశ్వకర్మలకు రుంజ. ఒక్కో బృందానికి కొన్ని ఊళ్లు మిరాశీ. ఏటా వచ్చి ఆ కులం పుట్టుక కథను పాడి, ఇవ్వాల్సిన త్యాగం తీసుకుని వెళ్లేవాళ్లు. చేర్యాల నకాషీ కళాకారులు గీసిన గజాల కొద్దీ పటాన్ని విప్పుతూ ఒక్కో బొమ్మ చూపిస్తూ పాడేవాళ్లు కొందరు. ఇందులో మన తెలివి చూడండి. చేర్యాల బొమ్మకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. చిన్న ముక్కలుగా, ముసుగులుగా, గోడకు వేలాడే అలంకారాలుగా మారి అది డ్రాయింగు రూముల్లోకి చేరింది. ఆ బొమ్మ ఏ పాట కోసం పుట్టిందో ఆ పాట పాడేవాడు ఎటు పోయాడని ఎవరం అడగలేదు. బొమ్మను కొన్నాం. అది గోడ మీద చప్పుడు చేయకుండా ఉంటుంది, రాత్రి భోజనం పెట్టమని అడగదు.

ఈ మొత్తం వ్యవస్థను మనం సంగీతంగా ఎన్నడూ లెక్కపెట్టలేదు. కులధర్మం కింద రాసేశాం. పాడేవాడు పాడాలి, ఇచ్చేవాడు తవ్వెడు వడ్లు ఇవ్వాలి. అందులో ప్రతిభ ప్రసక్తి లేదు, పేరు ప్రసక్తి అంతకన్నా లేదు. ఫలానా మందెచ్చు కథకుడి గొంతు బాగుంటుందని, ఫలానా రుంజకాడు రెండు పుల్లలతో ఏం చేయగలడో అని మన తాతలు మాట్లాడుకునే ఉంటారు. ఎక్కడా రాసిపెట్టలేదు. కచేరీ చేసే విద్వాంసుడికి గురుపరంపర ఉంటుందని ఒప్పుకున్నాం. మన వాకిట్లో పాడినవాడికీ గురువు ఉంటాడని మనకు తోచనే లేదు.

రాయడం చేతకాక కాదు. ఇక్కడికి దగ్గరలోనే పాలకుర్తి ఉంది. ఆ ఊరి సోమనాథుడు పదమూడో శతాబ్దంలోనే పండితారాధ్య చరిత్ర పర్వత ప్రకరణంలో శ్రీశైలం జాతరకు పోయే జనాన్ని వర్ణిస్తూ వాళ్లు వాయించిన వాద్యాలను, పాడిన పాటల రకాలను, ఆడిన ఆటలను పేరుపేరునా చెప్పాడు. వీణల్లోనే ఎన్ని రకాలో లెక్కపెట్టాడు. బసవపురాణంలో కిన్నెర వాయించే బ్రహ్మయ్యను శివభక్తుల వరుసలో కూర్చోబెట్టాడు. తాటాకు, గంటం తప్ప చేతిలో ఏమీ లేని కాలంలో మన పక్క ఊరివాడు చేసిన పని అది. జేబులో కెమెరా, రికార్డరు పెట్టుకుని తిరిగే మనం నిన్న మన వీధిలో కథ చెప్పినవాడి ఇంటిపేరు కూడా అడగలేదు.

సోమనాథుడు భక్తుణ్ణి చేసిన కిన్నెరకు మన కాలంలో ఏమైందో రాష్ట్రమంతా చూసింది. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పండుగల సాయన్న వంటి వీరుల కథలు పాడేవాడు. వెదురు, సొరబుర్రలు, మైనం, కొసన పాటకు తల ఊపే పిట్ట. ఆ వాద్యం చేయడమే ఒక విద్య. జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు ఏళ్ల తరబడి చెప్పినా మనకు వినిపించలేదు. 2021లో భీమ్లా నాయక్ సినిమా పాట మొదట్లో కాసేపు ఆయన కనిపించేసరికి వినిపించింది. 2022లో పద్మశ్రీ. సర్కారు కోటి రూపాయలు, ఇంటి జాగ ప్రకటించింది. 2024లో అదే మనిషి హైదరాబాద్ శివార్లలో కట్టడం పని దగ్గర కూలి చేస్తూ కనిపించాడు. నెలనెలా వచ్చే గౌరవ వేతనం ఆగిపోయిందని చెప్పుకున్నాడు. మళ్లీ మనమంతా కదిలిపోయాం. ఆ వీడియోను లక్షలమంది చూశారు. బిరుదు వచ్చినప్పటి నుంచి కూలికి పోయే దాకా ఉన్న ఆ రెండేళ్లలో ‘మా ఊరి జాతరకు వచ్చి రాత్రి కథ చెప్పు, నీ ధర చెప్పు’ అని రాష్ట్రంలో ఎన్ని ఊళ్లు పిలిచి ఉంటే ఆయనకు ఆ అవసరం పడేది కాదు? ఆయన దరిద్రాన్ని చూడటానికి మనకు తీరిక ఉంది, కిన్నెర వినడానికి లేదు.

బలగం సంగతి ఇంకా దగ్గరిది. 2023 మార్చిలో ఆ సినిమా వచ్చినప్పుడు తెలంగాణ పల్లెల్లో వీధుల్లో తెరలు కట్టుకుని చూశారు. చివర్లో దుగ్గొండికి చెందిన బుడగజంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మ పాడుతుంటే పగబట్టిన అన్నదమ్ములు కూడా కండ్లు తుడుచుకున్నారు. చచ్చినవాడి దినాలకు వచ్చి ఆ ఇంటి వాకిట్లో కూర్చుని పోయినవాడి బతుకును పాటగా కట్టి పాడటం మన దిక్కున కొత్త సంగతి కాదు. బుడగజంగాలు, శారదకాండ్రు తరాలుగా చేసిన పని అది. చచ్చినాయన పేరు, అతని బిడ్డల పేర్లు, అతను నాటిన చెట్టు, అమ్ముకున్న ఎద్దు అప్పటికప్పుడు అడిగి తెలుసుకుని పాటలో కూర్చేవాళ్లు. దాన్ని ఆశుకవిత్వం అనాలని మనకు తోచలేదు. ‘వచ్చిండ్రు, బియ్యం పోసి పంపుర్రి’ అన్నాం. గుమ్మంలో విన్నప్పుడు రాని ఏడుపు తెర మీద చూసినప్పుడు వచ్చింది. మధ్యలో ఒక కెమెరా అడ్డం ఉంటే గానీ మన పాట మనదని మనకు నమ్మకం కుదరడం లేదు.

ఈ బలగం మొగిలయ్య అప్పటికే జబ్బు మనిషి. కిడ్నీలు పాడై డయాలసిస్ చేయించుకునేవాడు. సినిమావాళ్లు, సర్కారు సాయం చేశారు. 2024 డిసెంబర్ 19న పోయాడు. అదే ఏడాది జూన్‌లో మణుగూరు దగ్గరి కూనవరం కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య, అక్టోబర్‌లో మార్లవాయి గుస్సాడీ కనకరాజు పోయారు. ఇద్దరూ పద్మశ్రీలు. మూడు మరణాలు, మూడుసార్లు మన సంతాపాలు. రామచంద్రయ్య సంగతి భూపాలపల్లి, ములుగు వాళ్లకు మరీ తగలాలి. పడిగె అనే గుడ్డ బొమ్మల ముందు డోలు మీద కోయ ఇలవేల్పుల కథలు పాడే పరంపర ఆయనది. పగిడిద్దరాజు కథ, సమ్మక్క సారలమ్మల కథ ఆ డోలి గొంతుల్లోనే శతాబ్దాలు బతికింది. రెండేళ్లకోసారి మేడారానికి కోటి మంది దాకా పోతాం. బెల్లం మోస్తాం, జంపన్నవాగులో మునుగుతాం, గద్దెల దగ్గర తోసుకుంటాం. ఆ తల్లుల కథను వాళ్ల సొంత మనుషుల నోట పావుగంట ఆగి విన్నవాళ్లు మనలో ఎంతమంది? దారి పొడుగునా ట్రాక్టర్ల మీద డీజే. దేవత కావాలి, దేవత కథ అక్కర్లేదు.

రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు సంబరపడ్డాం. గుడి స్తంభాల మీద మద్దెలలు వాయించే నల్లరాతి బొమ్మలను పిల్లలకు చూపించి మురిసిపోతాం. రాతిలో మద్దెల కొట్టేవాడికి టికెట్టు కొనని మనం అతణ్ణి వారసత్వ సంపద అంటాం. ప్రాణంతో మద్దెల కొట్టేవాడు పూటకు కూలి అడిగితే బేరమాడతాం.

ఇక మన ఇండ్లలోకి వద్దాం. డప్పు లేకుండా మన ఊళ్లో ఏదీ జరగదు. పుట్టుక నుంచి చావు దాకా, బోనాల నుంచి సాటింపు దాకా అన్నిటికీ దరువు వేరు. మంటకు కాచి శ్రుతి పట్టించి చిర్ర, చిటికెన పుల్ల పట్టుకుని కొడుతుంటే దూరం నుంచే ఊరికి సంగతి తెలుస్తుంది, అది శవం లేచిన దరువా, పెండ్లి దరువా అని. అంత భాష తెలిసిన మనిషికి మనం పెట్టిన విలువ ఒక సీసా, కొంత చిల్లర. డప్పు కొట్టడం అతని విద్య అనుకోలేదు, అతని పుట్టుక అనుకున్నాం. కొట్టనని మొండికేస్తే ఊరు కట్టడి చేసిన కాలం కూడా ఉంది. ఇవాళ ఆ ఇంటి పిల్లవాడు డప్పు ముట్టనని అంటే మనకు మనసు చివుక్కుమంటుంది, కళ పోతోందని. ఆ పిల్లవాడు చేస్తున్నది న్యాయం. అవమానం ఒకటి, కళ ఒకటిగా మనం ఏనాడూ విడదీసి ఇవ్వలేదు. రెండూ ఒకే మూటలో కట్టి నెత్తిన పెట్టాం. అవమానాన్ని దింపుకోవాలంటే కళనూ దింపక తప్పని స్థితి అతనికి తెచ్చింది మనమే. కళను కాపాడే బాధ్యత కూడా అతని మీదే వేయడం రెండోసారి వెట్టి చేయించడం.

బ్యాండుమేళం వాళ్లనూ చెప్పుకోవాలి. తొర్రూరులో, మహబూబాబాద్‌లో, మరిపెడలో పెండ్లిళ్ల కాలమంతా ఎండలో ఎర్ర కోటు తొడుక్కుని నిలబడే మనుషులు. క్లారినెట్ వాయించే ఆయన సరిగమలు రాసుకుని నేర్చుకున్నవాడు కాదు. నిన్న విడుదలైన సినిమా పాటను రెండుసార్లు విని ఈ రాత్రి బరాత్‌లో వాయిస్తాడు. దేవుడి పాటతో మొదలుపెట్టి, మామల పాత పాటలు, బావమరుదుల తీన్మార్, పిల్లను పంపేటప్పుడు అప్పగింతల పాట. ఎవరికి ఏ పాట పడితే కాలు ఆడుతుందో, ఏ పాట పడితే కన్ను చెమ్మగిల్లుతుందో చదివిన మనిషి. మన ఫోన్లో ఆయన నంబరు ఉంటుంది, ‘బ్యాండు తొర్రూరు’ అని. పేరు ఉండదు. పెండ్లి కార్డు మీద మేనమామల పేర్లు, ఊరి పెద్దల పేర్లు, పిల్లల ముద్దుపేర్లు కూడా అచ్చేస్తాం. ఆ రాత్రంతా మనల్ని ఆడించిన మనిషి పేరుకు చోటు దొరకదు. తర్వాత డీజే వచ్చింది. ఇళ్ల కిటికీలు అదిరిపోయినా, ముసలివాళ్లు గుండె పట్టుకున్నా డీజే పెట్టడమే పరువైంది. బ్యాండు దగ్గర వెయ్యి రూపాయలకు బేరమాడిన చేతులే డీజేకు అడిగినంత ఇచ్చాయి. కరెంటు పెట్టెతో ఎవరూ బేరమాడరు కదా.

ఇంకా లోపలికి పోతే సొంత తల్లులున్నారు. ప్రతి వాడలో బతుకమ్మ పాట ఎత్తే ఆమె ఒకతె ఉండేది. ఆమె ఎత్తితే మిగతావాళ్లు అందుకునేవాళ్లు. తొమ్మిది రోజులు, పాట మీద పాట, ఒక్కటీ మళ్లీ రాకుండా. నాట్లు వేసేటప్పుడు, కలుపు తీసేటప్పుడు, పిల్లను జోకొట్టేటప్పుడు ఆమె నోట వేరే పాటలు. తండాలో తీజ్ పాటలెత్తే లంబాడీ అవ్వలూ అంతే. ఈ ఆడవాళ్లకు బిరుదులు రావు, వాళ్ల పేరున మేళం ఉండదు. ఇప్పుడు బతుకమ్మ చుట్టూ స్పీకర్లు పెట్టి యూట్యూబ్ పాట వేసి దానికి కోలాటం అడుగులు వేస్తున్నాం. పాటెత్తే ఆమె పక్కన అరుగు మీద కుర్చీలో కూర్చుని చూస్తోంది. ఆమె పోయిన రోజు ఎన్ని పాటలు ఆమెతో కాటికి పోతాయో మనకు తెలియదు, లెక్క రాసినవాళ్లం కాము కాబట్టి.

యూట్యూబ్ పాటల్లో ఈ అవ్వల పాటలూ ఉన్నాయి, పేరు లేకుండా. 2021లో లవ్ స్టోరీ సినిమాలో సారంగ దరియా పాట ఊరూవాడా మోగినప్పుడు, ఆ జానపదాన్ని తన అమ్మమ్మ దగ్గర విని టీవీ వేదిక మీద ముందుగా పాడింది తానేనని ఉమ్మడి వరంగల్ జిల్లా గాయని కోమల చెప్పుకోవాల్సి వచ్చింది. పాట ఎవరిదన్న వాదం కొన్నాళ్లు నడిచింది. మనలో చాలామంది ‘జానపదం అందరిదీ, దానికి హక్కులేమిటి’ అని తీర్పు చెప్పాం. అందరిదీ అన్న మాట నిజమే. అందరిదీ అయిన పాట వల్ల వచ్చిన పైసలు మాత్రం అందరికీ పోలేదు. ఆ అమ్మమ్మలకు అసలే పోలేదు.

మనకు పాట విలువ తెలియదని కూడా తప్పించుకోలేం. మన దగ్గర పాట ఎంత పని చేసిందో మనకంటే తెలిసినవాళ్లు లేరు. ఖిలాషాపూర్ కోట కట్టి మొగలుల మీద తిరగబడిన సర్వాయి పాపన్నను 1710లో చంపారు. ఆనాటి పారశీక చరిత్రకారుడు ఖాఫీఖాన్ పుస్తకంలో ఆయన బందిపోటు. వీరుడిగా నిలబెట్టింది పాటగాళ్లు. ఆ వీరగాథను బాయిల్ అనే తెల్లదొర 1874లో ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో అచ్చేయించేనాటికే పాపన్న పోయి 160 ఏళ్లు దాటింది. అన్నేళ్లు ఆయన్ని ఎవరు మోశారు? ఇవాళ పాపన్న విగ్రహాలు కడుతున్నాం. విగ్రహానికి మెట్లు, రెయిలింగు, శిలాఫలకం మీద దాతల పేర్లు. పాట కట్టిన శారదకాండ్ర పేరు ఏ ఫలకం మీదా లేదు. సాయుధ పోరాటంలో కడవెండి దొడ్డి కొమురయ్య నెత్తుటికి పాట తోడైంది. సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల బాణీ పట్టుకుని జనాన్ని లేపాడు. 2002 నుంచి ధూంధాంలు రాష్ట్రం తెచ్చుకోవడానికి తొవ్వ వేశాయి. రాష్ట్రం వచ్చాక సాంస్కృతిక సారథిలో 550 మంది కళాకారులకు కొలువులిచ్చారు. కొలువు దొరకడం మంచిదే. కానీ ఆ గొంతులు పథకాల ప్రచారానికి పాడుతుంటే మనం ప్రశ్నించలేదు. ఎన్నికలొస్తే బతుకమ్మ బాణీలో అభ్యర్థి పేరు ఇరికించి పాట చేయించుకున్నాం. అన్ని పార్టీల వాళ్లం చేశాం. గెలిచాక పాటగాణ్ణి విజయోత్సవంలో డీజే బండి వెనుక నడిపించాం.

‘మనం’ అని రాస్తున్నప్పుడు అందరి తప్పూ ఒకే తూకం అని కాదు. మంచం మీద కూర్చుని విన్నవాడి తప్పు, నేల మీద కూర్చుని విన్నవాడి తప్పు ఒకటి కావు. చదువుకుని పట్నం పోయి, ఇంటికి వచ్చినప్పుడు ‘మా ఊళ్లో వెనకట...’ అని కథలు చెప్పే మా బోటి రాతగాళ్ల తప్పు ఇంకొంచెం ఎక్కువ. ధర్మసాగర్ దగ్గరి దేవనూరులో పుట్టిన బిరుదురాజు రామరాజు డెబ్బై ఏళ్ల కింద తెలుగు జానపద గేయాల మీద పరిశోధన చేసి దారి చూపాడు. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయపు జానపద గిరిజన విజ్ఞానపీఠం ఉంది. వాళ్లు సేకరించారు, రాశారు, దాచారు. వాళ్ల పుస్తకాల్లోంచి వాక్యాలు ఎత్తి వ్యాసాలు రాశాం. ఆ పుస్తకాలు ఎవరి నోటి నుంచి పుట్టాయో ఆ మనిషి గుమ్మందాకా పోలేదు. మనం అంతరించిపోతున్న కళ అని రాసిన ప్రతిసారీ చావుకబురు ముందే చదివేసి, బతికున్న మనిషిని చూడకుండా పోయాం.

కాలం మారింది, రాత్రంతా కూర్చునే తీరిక ఎవరికుంది అంటారు. తీరిక సంగతి మనకు మనం చెప్పుకునే అబద్ధం. ఐపీఎల్ సీజనంతా అర్ధరాత్రి దాకా మేల్కొనే ఊరు మనది. వెబ్ సిరీసు ఎనిమిది భాగాలు ఒక్క రాత్రిలో చూసేస్తాం. ఒగ్గుకథ పొడుగు కాబట్టి కాదు, అది మన పరువుకు తక్కువ అనుకున్నాం కాబట్టి వదిలాం. పిల్లలు డీజే అడుగుతారు అంటారు. పిల్లలకు ఏది వినిపించామో అదే అడుగుతారు. బడి వార్షికోత్సవంలో సినిమా పాటకు రికార్డు డ్యాన్సు కట్టించి, వాళ్లకు జానపదం మీద మక్కువ లేదని మనమే వాపోతాం.

కనుక చేయాల్సిన పనులు పెద్దవేమీ కావు, అందుకే తప్పించుకోవడానికి సాకు దొరకదు. వచ్చే బీరప్ప పండుగకు డీజేకు ఇచ్చే మొత్తం ఎంతో అంతే ఒగ్గు బృందానికి ముందుగా మాట్లాడుకుని ఇవ్వాలి. కథ తెల్లారేదాకా నడవాలి, ఎవరూ మధ్యలో మైకు లాక్కోకూడదు, మంత్రి వచ్చినా సరే. పెండ్లి కార్డు మీద బ్యాండు మాస్టారు పేరు అచ్చేయాలి. గ్రామపంచాయతీలో ఒక పుస్తకం పెట్టి మన మండలంలో కథ చెప్పేవాళ్లు, డప్పు కొట్టేవాళ్లు, పాటెత్తే అవ్వలు ఎవరో, వాళ్లకు వచ్చిన కథలూ పాటలూ ఏవో రాయాలి. రికార్డు చేస్తే వాళ్ల పేరున, వాళ్ల అనుమతితో చేయాలి, వచ్చిన పైసలు వాళ్లకు పోవాలి. డప్పు, డోలు, కిన్నెర బడిలో నేర్పాలి, ఏ కులం పిల్లలైనా నేర్చుకోవాలి. దొరవారి మనుమడు చిర్ర పట్టిన రోజు డప్పు విద్య అవుతుంది. అప్పటిదాకా అది వెట్టిగానే మిగులుతుంది. ఆ ఒక్కటి చేయడానికి మనం సిద్ధంగా లేకపోతే మిగతా నాలుగూ చేసినా ఫలితం సగమే.

ఇవేవీ చేయకపోతే మన పద్ధతి మనకు తెలుసు. జనవరిలో పద్మ పురస్కారాల జాబితా వస్తుంది. అందులో మన దిక్కువాడి పేరు ఉంటే ఆ ఊరి ముందు మన కార్లు ఆగుతాయి. మనం అక్కడ పదినిమిషాలుంటాం, శాలువా కప్పుతాం, ఫోటో దిగుతాం. ఆయన రెండు చరణాలు పాడతానంటే గడియారం చూసుకుంటాం. అటువంటి మనకు ఆ బిరుదులో వాటా అడిగే హక్కు లేదు. అది ఆయన ఒక్కడిది, మనల్ని దాటుకుని తెచ్చుకున్నది.